మే నెల లెక్క ముందు తేల్చండి: కృష్ణా బోర్డుకు, రెండు రాష్ట్రాల జలవనరుల శాఖలకు బహిరంగ లేఖ

కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఛైర్మన్ గారికి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్ గార్లకు,

నమస్కారం.

కృష్ణాలో ఎవరి వాటా ఎంత అన్న మాట ఈ లేఖలో ఎత్తబోవడం లేదు. అది బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ముందుంది. 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విధివిధానాలు ఇచ్చింది, వాదనలు మళ్లీ మొదలయ్యాయి. ఈలోగా 2015లో ఒక్క ఏడాది సర్దుబాటుగా రాసుకున్న 512:299 (ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు; టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చుట్టూనే ఏటా పేచీ నడుస్తోంది. ఆ తగవు తేలేదాకా ఆగలేని పని ఒకటుంది. 2050 నాటికి ఈ నది మీద ఆధారపడే ఊళ్లకు, నగరాలకు తాగునీరు ఎక్కడి నుంచి, ఏ మట్టం నుంచి, ఏ నెలలో వస్తుందో రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే కాగితం మీద రాయాలి. అడుగుతున్నది అంతే.

ఇది అసాధ్యమేమీ కాదని చెప్పడానికి ముందు పరిమాణం చూడండి. కోటి మంది ఉన్న నగరానికి మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 1,350 ఎంఎల్‌డీ (రోజుకు 135 కోట్ల లీటర్లు) కావాలి. గొట్టాల్లో పోయేది 15 శాతం అనుకుంటే తోడాల్సింది దాదాపు 1,590 ఎంఎల్‌డీ. ఏడాదికి ఇరవైన్నర టీఎంసీలు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం 55 లీటర్ల చొప్పున కోటి మంది పల్లె జనానికి, నష్టాలు కలపకుండా, ఏడు టీఎంసీలు. కృష్ణా నీటిని మొదట పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఒక్క శ్రీశైలం ఆవిరి నష్టం కిందే 33 టీఎంసీలు చూపింది. అంటే కోటి మంది నగరం, కోటి మంది పల్లెలు కలిసి తాగే నీటి కంటే ఆ ఒక్క జలాశయం మీద ఎండకు పోయే నీళ్లు ఎక్కువ. 811 టీఎంసీల తగవులో ఇరుక్కుపోవాల్సినంత పెద్దది కాదు తాగునీటి అంకె.

ఇబ్బంది అంకెలో లేదు, మట్టంలో ఉంది. ఏడాది మొత్తం మీద వాటా మిగిలి ఉన్నా మే నెలలో నాగార్జునసాగర్ 510 అడుగుల దిగువకు పోతే హైదరాబాద్‌కు అత్యవసర పంపులు పెట్టాల్సిందే. ఆ మట్టంలోనూ సాగర్‌లో 131 టీఎంసీలకు పైగా నీళ్లుంటాయి. కంటికి కనిపిస్తాయి, పంపుకు అందవు. శ్రీశైలంలో ఇదే సంగతి ఇంకోలా ఉంది. కనీస మట్టం 1996 నాటి జీవో 69 ప్రకారం 834 అడుగులు, 2004 నాటి జీవో 107 ప్రకారం 854. శ్రీశైలం నుంచి రాయలసీమ కాలువలకు నీరు వదిలే గేట్లు, అంటే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్, గడప 841 అడుగుల దగ్గర ఉంది కాబట్టి ఈ రెండు గీతల మధ్య ఉన్న నీళ్లు ఒకరికి కరెంటు, ఇంకొకరికి తాగునీరు, సాగునీరు. ఏ జీవో చెల్లుతుందన్నది ట్రిబ్యునల్ తేల్చాల్సిన మాట. తాగునీటికి మాత్రం ఆ రెండింటితో సంబంధం లేకుండా మూడో గీత ఒకటి ఉండాలి. అది ఏటా మారాలి, నిల్వను బట్టి వెనక నుంచి లెక్కకట్టాలి.

ఎలా కట్టాలో సాగర్‌ను ఉదాహరణగా తీసుకుని చెబుతాం. కాగితం మీద నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది, నదికి ఆ తేదీ పట్టదు. పైన ఆలమట్టి, నారాయణపూర్, తుంగభద్ర, జూరాల నిండాక గాని శ్రీశైలానికి చెప్పుకోదగ్గ వరద రాదు, అది నిండుతుండగా గాని సాగర్‌కు రాదు. అందుకే నిల్వను జూన్ 1 దాకా కాదు, ఆగస్టు 15 దాకా లాగాలి. ఫిబ్రవరి 1 నుంచి అప్పటికి 196 రోజులు. పైన చెప్పిన కోటి మంది నగరానికి ఆ రోజులకు 11 టీఎంసీలు. కుడి, ఎడమ కాలువల కింద వేసవి చెరువులు నింపడానికి దారి నష్టాలతో కలిపి 6 టీఎంసీలు అనుకుందాం. సాగర్ ఆవిరి నష్టం బచావత్ లెక్కలో ఏడాదికి 17. ఎండలన్నీ ఈ ఆరున్నర నెలల్లోనే కాబట్టి 10 వేసుకోవాలి. మొత్తం 27. వీటిని 131 మీద పేర్చితే 158 టీఎంసీలు. ఆ లోతులో అడుగుకు ఒకటిన్నర నుంచి రెండు టీఎంసీలు పడతాయి గనుక కొంచెం అటూ ఇటూగా 525 అడుగులు వస్తుంది. ఫిబ్రవరి 1న మట్టం అంతకంటే తక్కువ ఉంటే ఆ వేసవి తాగునీటికి గండం ఉన్నట్టే. ఇందులో నగర జనాభా, చెరువుల అంకె మా ఊహలు. మీ దగ్గర అసలు అంకెలున్నాయి, అవి పెట్టి చూడండి.

అయితే ఈ గీతను ఫిబ్రవరిలో గీస్తే పనికిరాదు. అప్పటికి రబీ నాట్లు పడిపోయి ఉంటాయి. పొట్టకొచ్చిన వరిని ఎండబెట్టి గేటు మూయించే ప్రభుత్వం రెండు రాష్ట్రాల్లోనూ లేదు, ఇకముందూ ఉండదు. అందరికీ తెలిసినా మినిట్స్‌లో ఎవరూ రాయని మాట ఇది. కాబట్టి లెక్క అక్టోబరు నెలాఖరుకు తేలాలి, రబీ ఆయకట్టు ప్రకటనకు ముందే. అప్పుడున్న నిల్వలోంచి తాగునీటిని మొదట పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి ఎన్ని ఎకరాలకు వరి, ఎన్ని ఎకరాలకు ఆరుతడి అన్నది ఏ రాష్ట్రానికా రాష్ట్రం ప్రకటించుకోవచ్చు. బోర్డు త్రిసభ్య కమిటీ ఇప్పుడు చేస్తున్నది దీనికి తలకిందులు. ఇండెంట్లు (ఎవరికెంత నీరు కావాలో తెలిపే కాగితాలు) వచ్చాక కూర్చుంటుంది, పంచుతుంది, ఏప్రిల్‌లో కొరత కనిపించాక తాగునీటి కోసం మళ్లీ కూర్చుంటుంది.

ఏ ఏడాదిని ఆధారంగా తీసుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. బచావత్ 2,060 టీఎంసీలన్నది 75 శాతం భరోసా మీద. నాలుగేళ్లకోసారి అంతకంటే తక్కువే వస్తుందని దానర్థం. సాగుకు అది చెల్లుతుంది, ఒక పంట పోయినా రైతు మరుసటి ఏడాది తేరుకోవచ్చు. తాగునీటికి నాలుగేళ్లకోసారి లేదంటే కుదరదు. రెండో ట్రిబ్యునల్, అంటే బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్, 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ల వరస తీసుకుంది. 2002-03, 2003-04 కరువులు అందులో ఉన్నాయి గాని 2015-16 లేదు. తాగునీటి ప్రణాళికకు కావాల్సింది సగటు కాదు, భరోసా శాతమూ కాదు. మనకు తెలిసిన అతి చెడ్డ జంట సంవత్సరాలు కావాలి. ఆ రెండేళ్లు 2050 జనాభా మీద, 2050 నాటి జలాశయాల మీద మళ్లీ వస్తే ఏమవుతుందో నెలవారీగా నడిపి చూడాలి.

2050 నాటి జలాశయాలు అనడానికి కారణం పూడిక. కట్టినప్పుడు 308 టీఎంసీలున్న శ్రీశైలంలో ఇప్పుడు 215.8 పడుతోంది. సాగర్ 408 నుంచి 312కు దిగింది. తుంగభద్ర 133 నుంచి 105.8కి వచ్చింది. మూడింట్లో పోయినది కలిపితే సుమారు 215 టీఎంసీలు. అంటే ఇప్పటి శ్రీశైలమంత జలాశయం ఒకటి మట్టి కింద పూడిపోయింది. అయినా పట్టణాల తాగునీటి పథకాల నివేదికల్లో 30 ఏళ్ల తర్వాతి జనాభా వేస్తారు, ఎదురుగా ఈనాటి నిల్వ సామర్థ్యమే రాస్తారు. అయిదేళ్లకోసారి రెండు రాష్ట్రాల సిబ్బంది ఒకే పడవలో కూర్చుని జలాశయాల లోతు కొలిస్తే చాలు, మట్టం నుంచి నిల్వకు వేసే పట్టిక మీద వాదన ఉండదు. పూడిక ముందు పడేది పైకొనలో, వరద నెమ్మదించే చోట. అందుకని అడుగున వాడకానికి అందని డెడ్ స్టోరేజీ ఒక్కటే నిండుతోందనుకోవడం పొరపాటు, వాడుకునే నిల్వా తగ్గుతోంది.

ఇక కొలతలు. టెలిమెట్రీ (నీటిని కొలిచి అంకెలను దూరానికి పంపే యంత్రాలు) పెడితే తగవు తీరుతుందని పదేళ్లుగా వింటున్నాం. పెట్టాల్సిందే. కాని యంత్రం ఇచ్చేది నీటి ఎత్తు, వేగం. వాటి నుంచి క్యూసెక్కులు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని) తీసే సూత్రం మీద ఒప్పందం లేకపోతే యంత్రం ఉన్నా తగవు అలాగే ఉంటుంది. హెడ్ రెగ్యులేటర్ గేటు కింద నుంచి నీరు స్వేచ్ఛగా దూకుతున్నప్పుడు ఒక సూత్రం, కాలువలో నీరు ఎగదన్ని గేటు పెదవి మునిగినప్పుడు ఇంకోటి. మొదటిది పెట్టి రెండో స్థితిని కొలిస్తే పారినదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. కాలువ అడుగున ఒండ్రు పేరుకున్నా, నాచు పెరిగినా స్కేలు మీద ఎత్తు పెరుగుతుంది గాని ప్రవాహం పెరగదు. అందుకే ఏటా కనీసం మూడుసార్లు, తక్కువ, మధ్య, నిండు ప్రవాహాల్లో, డాప్లర్ యంత్రంతో ఇద్దరూ నిలబడి కొలిచి పట్టిక సరిచేయాలి.

పవర్‌హౌస్‌ల దగ్గర ఇది ఇంకా సూక్ష్మం. అక్కడ నీటిని మెగావాట్లను బట్టి లెక్కకడతారు. 100 మీటర్ల హెడ్‌తో (నీరు దిగే ఎత్తు) 100 మెగావాట్లు తీయడానికి యంత్ర సామర్థ్యం 90 శాతం అనుకుంటే 4,000 క్యూసెక్కులు కావాలి. 85 శాతం అనుకుంటే 4,235. తేడా చూడ్డానికి చిన్నదే. అదే యూనిట్ నెలంతా నడిస్తే 0.6 టీఎంసీ. సాగర్ ప్రధాన పవర్‌హౌస్‌లో యూనిట్లు 8. అన్నీ నడిస్తే నెలకు 5 టీఎంసీల దాకా లెక్క తేడా వస్తుంది, ఎవరూ ఒక్క చుక్క దొంగిలించకుండానే. ఇది మన ఉదాహరణ నగరానికి మూడు నెలల నీరు. ప్రతి యూనిట్‌కూ సామర్థ్య పరీక్ష చేయించి, హెడ్‌ను బట్టి పట్టిక వేసి, దాని మీద ఇద్దరూ సంతకాలు పెట్టడం ఒక్క సీజన్ పని.

శ్రీశైలం పవర్‌హౌస్ నుంచి దిగిన నీరు సాగర్‌లో చేరుతుంది, మట్టం పోయినా నీరు పోదు. సాగర్ ప్రధాన పవర్‌హౌస్ నుంచి దిగింది పులిచింతలకు పోతుంది. 45.77 టీఎంసీల ఆ జలాశయం నిండి ఉండి, డెల్టాకు అవసరం లేకపోతే, 3 టీఎంసీలు పట్టే ప్రకాశం బ్యారేజీ దాన్ని ఆపలేదు, సముద్రమే గతి. కాబట్టి వరద లేని రోజుల్లో సాగర్ కరెంటును డెల్టా ఇండెంట్‌కు ముడిపెట్టాలి.

తాగునీటి లెక్కలో ఒక చిక్కుముడి ఉంది, దాన్ని ఇద్దరూ తమకు అనుకూలమైనంత మేరకే విప్పుతున్నారు. నగరాలకు తోడిన నీటిలో 20 శాతాన్నే వినియోగంగా లెక్కించాలని బచావత్ తీర్పులో ఉంది, మిగతా 80 శాతం మురుగుగా నదికి తిరిగొస్తుందని. సరే, ఎక్కడికి తిరిగొస్తుంది? హైదరాబాద్ కృష్ణా మూడు దశల సామర్థ్యం 270 ఎంజీడీ (రోజుకు 27 కోట్ల గ్యాలన్లు), ఏడాదికి దాదాపు 16 టీఎంసీలు. తోడేది సాగర్ నుంచి. మురుగు పోయేది మూసీలోకి. మూసీ కృష్ణాలో కలిసేది వాడపల్లి దగ్గర, సాగర్‌కు దిగువన, పులిచింతలకు ఎగువన. కాబట్టి సాగర్ ఖాతాలో 16కు 16 పోయినట్టే, తిరిగి జమ అయ్యేది పులిచింతల ఖాతాలో. దారిలో మూసీ ప్రాజెక్టు, కత్వాలు, మోటార్లు వాడుకోగా ఎంత చేరుతుందన్నది కొలిస్తే గాని తెలియదు. పైగా ఎల్లంపల్లి నుంచి గోదావరి మొదటి దశలో నగరానికొచ్చే 172 ఎంజీడీ, అంటే 10 టీఎంసీలు, వాడకం అయ్యాక అదీ మూసీలోనే పడుతోంది. గోదావరి నీరు ఆ మేరకు చడీచప్పుడు లేకుండా కృష్ణాలోకి మళ్లుతోందన్నమాట. ఈ జమ ఎవరి పద్దులోనూ లేదు. వాడపల్లి సంగమానికి కాస్త ఎగువన ఒక కొలత కేంద్రం పెట్టి ప్రవాహంతో పాటు మురికి ఎంతో చూపే బీఓడీ, అమ్మోనియా కూడా రాయాలి. పరిమాణం తిరిగొచ్చినా తాగడానికి పనికిరాని స్థితిలో వస్తే దిగువ పట్టణానికి ఆ 80 శాతం లెక్క వట్టి మాట. కృష్ణా నుంచి చెన్నైకి పోయే నీరు ఇందుకు భిన్నం. అది పరీవాహకం దాటిపోతుంది, తిరిగొచ్చేది సున్నా.

చెన్నై మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. వాటాల గొడవ ఉండగానే తాగునీటి మీద ఒప్పందం కుదరదనేవారికి అదే జవాబు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ చెన్నై తాగునీటికి తలా 5 టీఎంసీలు వదులుకున్నాయి. అప్పుడూ రాజకీయాలున్నాయి. ఒప్పందం తేలిగ్గానే కుదిరింది, నీరు చెన్నై చేరేసరికి 1996 అయింది. సరిహద్దు దగ్గర అందాల్సిన 12 టీఎంసీలు చాలా ఏళ్లు పూర్తిగా అందలేదు కూడా. వందల కిలోమీటర్ల తెరిచిన కాలువలో లైనింగ్ చెడిపోతే, గట్ల మీద మోటార్లు పడితే ఏమవుతుందో అది నేర్పింది. 2050 ప్రణాళికలో తాగునీటిని తెరిచిన కాలువ మీద ఎంత దూరం నమ్మవచ్చన్నది ఒక అధ్యాయం కావాలి.

సాగర్ కాలువల కింద ఈ బాధ ఏటా ఉన్నదే. ఎండిన కాలువను ఏప్రిల్‌లో వదిలితే మొదటి కొన్ని రోజుల నీరు కాలువ అడుగే తాగేస్తుంది. కుడి కాలువ చివర ప్రకాశం జిల్లా రామతీర్థం దాకా, ఎడమ కాలువ మీద పాలేరు దాకా, దాన్ని దాటి ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని ఊళ్ల దాకా నీరు చేరాలంటే వదిలినదాంట్లో ఎంత మిగులుతుందో డిస్ట్రిబ్యూటరీ లస్కర్లను అడగండి. వేసవి చెరువులోనూ రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 60 రోజుల్లో 42 సెంటీమీటర్లు పోతాయి. నాలుగు మీటర్ల చెరువులో పదో వంతు అది, ఊట నష్టం కాకుండా. కాబట్టి తాగునీటి కోసం ప్రత్యేకంగా కాలువ వదలడం కంటే రబీ చివరి తడికి కలిపి, కాలువ ఇంకా తడిగా ఉండగానే చెరువులు నింపేయాలి. చెరువులో పూడిక ముందే తీసి ఉండాలి. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి పోతుంది గనుక ఎగువ తూములు ఆ రోజుల్లో మూసి ఉన్నాయో లేదో ఇద్దరు ఇంజనీర్లూ కలిసి చూడాలి. ఆ పనికి ట్రిబ్యునల్ అక్కర్లేదు, ఒక జీపు చాలు.

గోదావరి సంగతి క్లుప్తంగా. పోలవరం నుంచి కృష్ణాకు మళ్లించే 80 టీఎంసీలకు బదులుగా ఎగువన కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, సాగర్ ఎగువన ఉమ్మడి రాష్ట్రానికి 45 అని 1980 నాటి గోదావరి తీర్పులో ఉంది. ఆ 45 ఇప్పుడు ఎవరిదన్నది వివాదం. ప్రణాళికలో రెండు పట్టికలు వేయండి, ఒకటి ఇలా, ఒకటి అలా. రెండింట్లోనూ ఏ ఊరికి తాగునీరు ఆగుతుందో చూడండి. ఆగకపోతే ఆ వివాదం తాగునీటికి అడ్డం కాదని తేలిపోతుంది.

ఉమ్మడి యంత్రాంగం మనకు కొత్త కాదు. తుంగభద్ర బోర్డు 1953 నుంచి ఉంది. ఏటా జలాశయంలోకి ఎంత వస్తుందో అంచనా వేస్తుంది, తగ్గితే వాటాలను అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు తాత్కాలిక గేటు దించే పని ఆ ఉమ్మడి ఏర్పాటు కిందే జరిగింది. సాగర్ మీద 2023 నవంబరు 30న గేట్లను సగం సగం చేసి కంచె వేసుకున్న దృశ్యంతో దీన్ని పోల్చి చూడండి. 2014 దాకా ఈ రెండు శాఖలూ ఒకటే శాఖ, రెండు వైపులా ఉన్న పెద్ద ఇంజనీర్లలో చాలామంది ఒకే గదిలో ఒకే పట్టికలు నింపినవారే.

దూరం నుంచి ఒక పద్ధతి చూడదగ్గది. టెక్సస్‌లో 1996 కరువు తర్వాత 1997లో చేసిన చట్టం ఆ రాష్ట్రాన్ని 16 నీటి ప్రాంతాలుగా చేసింది. ప్రతి ప్రాంతంలో సాగు, పట్టణాలు, పరిశ్రమలు, విద్యుత్తు, పర్యావరణం తరఫున మనుషులు కూర్చుని 50 ఏళ్లకు ప్రణాళిక వేస్తారు, అయిదేళ్లకోసారి తిరగరాస్తారు. ఆధారం సగటు సంవత్సరం కాదు, రికార్డులో ఉన్న అతి పెద్ద కరువు. అందులో మాకు బాగా నచ్చింది మరొకటి. ప్రణాళికలో లేని పథకానికి రాష్ట్ర నీటి అభివృద్ధి బోర్డు అప్పు ఇవ్వదు. మన దగ్గర ముందు శంకుస్థాపన, తర్వాత డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక), ఆ తర్వాత నీటి లభ్యత అడుగుతారు. వాళ్ల చట్టాన్ని తెచ్చి అతికించమనడం లేదు, అక్కడ నదికి మన నదికి పోలిక లేదు. డబ్బును ప్రణాళికకు ముడిపెట్టడం మాత్రం ఇక్కడా చేయవచ్చు. ఉమ్మడి తాగునీటి జాబితాలో లేని కొత్త ఇన్‌టేక్ బావికి పైసా మంజూరు చేయబోమని రెండు ఆర్థిక శాఖలు ఒక మెమో ఇస్తే సరిపోతుంది.

మొదటి సమావేశానికి మంత్రులు అక్కర్లేదు. బోర్డు సభ్య కార్యదర్శి, ఇద్దరు చీఫ్ ఇంజనీర్లు, హైదరాబాద్ జలమండలి, రెండు రాష్ట్రాల గ్రామీణ నీటి సరఫరా, మున్సిపల్ ఇంజనీరింగ్ అధికారులు చాలు. ఒక్కొక్కరూ ఒక పట్టిక తేవాలి. అందులో ప్రతి తాగునీటి పథకానికీ తోడే చోటు, పంపు అందుకోగల అతి తక్కువ మట్టం, ఇప్పుడు తోడుతున్నది, 2050కి కావాల్సింది, మురుగు ఏ వాగులో ఎక్కడ కలుస్తుందో, కాలువ ఆగితే చెరువులో ఎన్ని రోజుల నీరుంటుందో రాసి ఉండాలి. జనాభా అంచనాకు ఇద్దరూ ఒకే పద్ధతి వాడాలి. ఒకరు 2011 జనగణన మీద ఒక వృద్ధి రేటు, ఇంకొకరు మరో రేటు వేస్తే మళ్లీ అంకెల పోటీ మొదలవుతుంది. సెప్టెంబరులో పట్టికలు కలపండి, అక్టోబరు 31లోగా ఈ ఏటి గీత గీసి మట్టాలను, తేదీలను పత్రికల్లో వేయండి. రబీ ప్రకటన ఆ మరుసటి వారం ఇవ్వండి.

ఇట్లు,
కృష్ణా పరీవాహకంలో నీటి లెక్కలు చూసే కొందరం